నాకు వినపడని చప్పుడు

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, నవ్వాక నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. ఇప్పుడు దాచుకునే వయసు కూడా దాటిపోయింది కాబట్టి చెబుతున్నాను.

అరవై ఒకటో ఏట నేను కారు నేర్చుకున్నాను. దొంగతనంగా.

మా ఆయనది గడియారాల మరమ్మతు. వీధి గదిలోనే కొట్టు. గోడ నిండా జబ్బు చేసిన గడియారాలే. మా ఇంట్లో పన్నెండు కొట్టడం మొదలైతే పూర్తయ్యేసరికి పావుగంట పట్టేది. అందరూ ఆయన్ని చెవుల డాక్టరు అనేవారు. మూత తీయకుండానే గడియారాన్ని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, "మూడో చక్రానికి పన్ను అరిగింది" అనేవారు. తీసి చూస్తే అరిగే ఉండేది. అంతటి చెవికి నా పిలుపు మాత్రం మూడోసారికి గానీ అందేది కాదు.

మాకో పాత కారు ఉండేది. దానికి ముందు అద్దం కింద, తాళం తిప్పితే నడిచే బుల్లి గడియారం ఒకటి ఆయనే బిగించారు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక వెళ్ళి దానికి తాళం ఇచ్చి వచ్చేవారు. కారు తుడిచేది నేను, గడియారం తుడిచేది ఆయన.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏవండీ, నాకూ కారు నేర్పించకూడదూ?"

"నీకా? అలారానికి తాళం ఇవ్వమంటే స్ప్రింగు తెగేదాకా తిప్పావు. కారు నీ చేతిలో పడితే దాని గతేంటి?"

"అది ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో!"

"ఆ అలారం ఇప్పటికీ కోలుకోలేదు."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. సరే, చూద్దాం అనుకున్నాను. మా చెల్లెలు స్కూలు వ్యాను నడుపుతుంది. దాన్ని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఆయన పొద్దున ఆరింటికి నడకకు వెళ్తే మళ్ళీ ఏడున్నరకే రావడం. ఆ గంటన్నరే మా బడి. లైసెన్సు చేతికి రాగానే కారు తెచ్చి కొట్టు ముందు ఆపి, హారన్ కొట్టి, "ఏవండీ, కొట్టు కట్టేసి రండి, అలా తిరిగొద్దాం" అనాలి. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా.

"క్లచ్చి మెల్లగా వదులక్కా."

"వదిలాను కదే!"

"అది వదలడం కాదు, విసిరేయడం."

కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. మొదటి వారమంతా మేం మా గేటు దాటలేదు. దాటాక ఇక నన్ను పట్టుకోవడం చెల్లెలి తరం కాలేదనుకోండి.

సరిగ్గా నాకు చెయ్యి తిరుగుతున్నప్పుడే ముందు వైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. కదిలితే డబ్. ఆగితే డబ్. వెనక్కి తీస్తే డబ్ డబ్. ఎవరో బానెట్టు కింద కూర్చుని సమ్మెట వేస్తున్నట్టు.

"ఏమైందే?" అన్నాను, కారు ఆపేసి.

"ఏమోనక్కా. నాకు నడపడమే వచ్చు, వైద్యం రాదు" అంది చెల్లెలు.

ఆ ఆదివారం ఆయనే కారు తీశారు. నేను పక్కన. గేటు దగ్గరే డబ్ అంది. ఆయన చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

"విన్నావా?"

"డిక్కీలో ఏదో దొర్లుతున్నట్టుంది" అన్నాను గబుక్కున. నోరు జారింది, ఇక దానికి తగ్గట్టు డిక్కీలో ఏదో ఒకటి దొర్లాలి కదా. ఇంటికి రాగానే ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళి డిక్కీలో పెట్టి వచ్చాను. ఆయన తలైనా సరిగ్గా తుడుచుకోకుండా వెళ్ళి డిక్కీ తెరిచారు.

"ఇస్త్రీపెట్టెకు ఇక్కడేం పని?"

"బాగుచేయించడానికి పెట్టానండీ."

ఆయన ఇంట్లోకి తెచ్చి ప్లగ్గులో పెట్టారు. చక్కగా కాలింది. "బాగానే ఉందిగా?"

"అయితే దానంతటదే బాగుపడినట్టుంది."

ఆయన నా వంక ఒకసారి చూసి ప్లగ్గు పీకేశారు. ఇస్త్రీపెట్టె లోపలికి వచ్చేసినా చప్పుడు మాత్రం కారులోనే ఉండిపోయింది. మర్నాడు ఆయన ఒక పొడుగాటి కర్ర తెచ్చి, ఒక కొస ఇంజనుకు, ఇంకో కొస చెవికి ఆనించి, అంగుళం అంగుళం వింటూ కూర్చున్నారు. వీధిలో పోయేవాళ్ళు, కారుకు జ్వరమా అన్నట్టు చూశారు.

"డిక్కీ కాదు, ముందే. ఇంజను ఊగుతోంది. రేపు కార్ల మేస్త్రికి చూపించాలి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రి చూడగానే, ఇది ఎవరో చేతగానివాళ్ళు నడిపిన కారు అంటాడు. పది రోజుల్లో నా లైసెన్సు పరీక్ష. అలారం తెగ్గొట్టినదాన్ని, కారు కూడా విరగ్గొట్టాననిపించుకోవాలా? అందుకని అనకూడని మాట అన్నాను.

"ఏ చప్పుడండీ? నాకేం వినపడలేదే."

ఆయన తెల్లబోయారు. నన్ను ఎక్కించుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళారు. డబ్.

"ఇదిగో!"

"ఏదీ?"

సాయంత్రం చెల్లెల్ని కూడా వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాం. దానికి ముందే నూరిపోశాను. ఆయన వెనక్కి తీశారు. డబ్ డబ్! చెల్లెలి పళ్ళు టకటకమన్నాయి. అది కిటికీలోంచి బయటకు చూస్తూ, "మీ కారు ఎంత నిశ్శబ్దంగా ఉంది బావా, మా వ్యాను ఉందీ..." అంది.

ఆయన కారు వెనక్కి తిప్పారు. ఇంటికొచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పై వీధి పంతులమ్మ గోడ గడియారం తెచ్చింది. "వేరేవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళమ్మా. నా చెవి పోయింది" అన్నారు ఆయన. ఆవిడ అయ్యో అంటూ నా వైపు చూసింది. నేను వాకిలి వైపు చూశాను. ఆవిడ వెళ్ళాక ఆయన లేచి, గోడ మీది గడియారాలు ఒక్కొక్కటే ఆపడం మొదలుపెట్టారు. లోలకాన్ని పట్టుకుని ఆపి, దాని మీద గుడ్డ కప్పి, ఇంకోదాని దగ్గరకు వెళ్ళేవారు.

నలభై ఏళ్ళలో మొదటిసారి మా ఇంట్లో పన్నెండు కొట్టలేదు.

ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. కంచం ముందు కూర్చుంటే నేను నమిలే చప్పుడు నాకే వినపడేది. ఆయన చెవికి వచ్చిన రోగం ఏదీ లేదు, నా నోటికే వచ్చింది. నా ముచ్చట కోసం మాకు అన్నం పెట్టే ఆయన చెవినే అబద్ధం చేశాను. నిజం చెప్పేద్దామని రోజుకు నాలుగుసార్లు ఆయన ముందుకు వెళ్ళేదాన్ని, "నీళ్ళు కావాలా?" అని అడిగి వచ్చేసేదాన్ని. పాపం, ఆయన నీళ్ళు తాగలేక చచ్చారు.

అలా వారం గడిచింది. నా పరీక్షకు ఇంకో రోజే ఉంది. ఇక నా వల్ల కాలేదు. నేను దొరక్కుండానే ఆయన చెవి నిలబెట్టే దారి ఒకటి వెతుక్కున్నాను.

"ఏవండీ, చప్పుడు నాకూ వినపడింది. మేస్త్రి దగ్గరకు పోదాం పదండి."

"ఓదార్చకు."

"ఒట్టు! డబ్ అంటోంది. వెనక్కి తీస్తే రెండుసార్లు అంటోంది."

"ఓహో" అన్నారు, చెప్పులు వేసుకుంటూ.

మేస్త్రి బానెట్టు ఎత్తి, "ఒకళ్ళు లోపల కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, గేరు వేసి, క్లచ్చి సగం వదలాలి. ఇంజను ఎంత ఎగురుతుందో నేను ఇక్కణ్ణుంచి చూస్తా" అన్నాడు.

"నేను వినాలి. నువ్వు కూర్చోవే" అన్నారు ఆయన.

కూర్చున్నాను. మనిషికి సిగ్గు ఉంటుంది గానీ, కాళ్ళూ చేతులకు ఉండదు కదా! సీటు ముందుకు లాక్కున్నాను. అద్దం సరిచేసుకున్నాను. ఆగి ఉన్న కారులో బెల్టు కూడా పెట్టుకున్నాను. మొదటి గేరు వేసి క్లచ్చి సగం వదిలితే ఇంజను బెత్తెడు లేచి, డబ్ అని పడింది.

"ఇప్పుడు రివర్సు" అన్నాడు మేస్త్రి.

మా కారు రివర్సు గేరు మహా మొండిది. గేరు కర్రకున్న ఉంగరాన్ని వేలితో పైకి ఎత్తిపట్టుకుంటే గానీ పడదు. తెలియనివాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తోసినా పడదు. నేను ఒక్క తోపులో వేశాను.

డబ్ డబ్.

మేస్త్రి ఇంజను కింద గునపం పెట్టి ఎత్తి, టార్చి వేసి చూపించాడు. "మౌంటింగు రబ్బరు పోయింది సార్. ఇంజను ఊరికే ఇనుము మీద కూర్చోదు, కింద ఈ రబ్బరు దిండు ఉంటుంది. చూడండి, నోరు తెరిచేసింది. వయసైపోయిందంతే. నాలుగేళ్ళ కిందటే చిట్లి ఉంటుంది, ఇప్పుడు పూర్తిగా తెగింది."

"అయితే నేను నడపడం వల్ల కాదా!" అన్నాను.

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మేస్త్రి తల ఎత్తి, "మీరు నడుపుతారా అమ్మా?" అన్నాడు. నాకు ఆ బానెట్టులో దూరి మూత వేసుకోవాలనిపించింది.

మా ఆయన తాపీగా వచ్చి, కిటికీలోంచి బుల్లి గడియారం వైపు వేలు చూపించారు.

"ఇది ముసలిది. గట్టి కుదుపు తగిలితే ఆగిపోతుంది. మొదట్లో రోజూ ఆరూ పదికి ఆగేది. అంటే నువ్వు గేటు దాటలేదు. తర్వాత ఆరున్నర అయింది. పోయిన వారం నుంచి ఏడూ పది. అంటే గంటసేపు బాగానే నడిపి, ఇంటికొచ్చి గేటు దగ్గర ఆపేస్తున్నావు."

"మరి... మీ చెవి?"

"ఇంజను ఊగుతోందని ముందే చెప్పానుగా."

"పంతులమ్మ గడియారం?"

"అది బాగయిపోయి ఐదు రోజులైంది. ఆవిడింటికి వెళ్ళి చేసి వచ్చాను. నీకు చెప్పొద్దన్నాను."

"గోడ మీదివన్నీ ఆపేశారు కదండీ!"

"నువ్వు ఎన్నాళ్ళకు నిజం చెబుతావో చూద్దామని. నీళ్ళు తాగలేక నేనే ఓడిపోయేవాణ్ణి."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "తప్పయిందండీ" అన్నాను, స్టీరింగుతో చెప్పినట్టు.

కొత్త రబ్బరు వేశాక ఆయన పక్క సీట్లో ఎక్కి కూర్చున్నారు. "పద. రేపు పరీక్ష కదా" అన్నారు. ఆ తారీఖు ఎవరు చెప్పారో నేను అడగలేదు. చెల్లెలి సంగతి తర్వాత చూసుకున్నాను.

దారంతా వెన్నలా వచ్చాం. ఒక్క డబ్ లేదు. మా వీధిలోకి తిరిగేసరికి పంతులమ్మ మా కొట్టు అరుగు మీద నిలబడి ఉంది, ఇంకా నలుగురు ఆవిడ పక్కన. ఈ ఒక్కసారి దర్జాగా ఆపాలనుకుని కొట్టు ముందుకు తిప్పాను. హారన్ కొట్టాను. క్లచ్చి విసిరేశాను.

కారు కప్పలా ఒక్క గెంతు గెంతి, ఆయన తల పైకప్పుకు తగిలి, డబ్ అని ఆగిపోయింది. బుల్లి గడియారం కూడా ఆగిపోయింది, నాలుగూ ఇరవైకి.

నేను తల ఎత్తలేదు. ఆయన తల రుద్దుకుంటూ, ముందుకు వంగి గడియారానికి తాళం ఇచ్చారు. తర్వాత కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నారు.

"ఏ చప్పుడు? నాకేం వినపడలేదే."