అత్తగారు మధ్యలో నిలబడాలి

ఆ ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. కొత్త స్పీకర్లు అమర్చడం, స్నానం చేయడం, నాలుగింటికి మావగారు రాగానే అత్తగారి పాట వినిపించడం. అత్తగారు పోయి ఏడాదైంది. ఆవిడ గొంతు ఒకే ఒక్క పాత క్యాసెట్లో మిగిలింది. దాన్ని ఫోన్లోకి ఎక్కించి వినిపిస్తే, మావగారు సగంలోనే ఆపేయమన్నారు. "డబ్బాలో పెట్టి మూత వేసినట్టుందయ్యా, పాపం" అని కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట అల్లుడి మనసులో ముల్లులా ఉండిపోయింది.

అచ్చాఫీసు మిషను హోరులో రోజంతా చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసే మనిషి, నాలుగు వారాలు దుకాణం చుట్టూ తిరిగాడు. నిలువెత్తు స్పీకర్లు గుండెలదరగొట్టాయి, వాటి ధర ఇంకా అదరగొట్టింది. చివరికి దుకాణదారు ఓ చిన్న జత చేతిలో పెట్టాడు.

"చప్పుడు కావాలంటే అవి తీసుకోండి. మనిషి ఎదురుగా ఉన్నట్టుండాలంటే ఇవి చాలు. రెండిటి మధ్యా ఎంత దూరమో, వాటికీ మీ కుర్చీకీ అంతే దూరం. అలా కుదిరితే పాడేవాళ్లు సరిగ్గా మధ్యలో నిలబడతారు. కుదరకపోతే సాయంత్రంలోగా తెచ్చిచ్చేయండి."

కుదరలేదు. టేపు పట్టి కొలిచి, కుర్చీ వేసుకుని, ఏవేవో పాటలు పెట్టాడు. పాడేవాళ్లంతా కట్టగట్టుకుని కుడివైపు కిటికీ దగ్గరే నిలబడ్డారు. స్పీకర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చినా అక్కడినుంచి కదలరే!

"నేనోసారి కూర్చుని చూడనా?" అంది భార్య.

"వద్దు. నువ్వు మీ నాన్నతో పాటే వినాలి. గంటలో మీ అమ్మని మధ్యకి తెస్తాను."

"ముందు స్నానం చెయ్యండి మహానుభావా!"

స్నానమా! ఎడమవైపున్న బీరువా శబ్దాన్ని మింగేస్తోందని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. బీరువా మెట్ల మీదికి వెళ్లింది. తర్వాత మంచం, బట్టల పెట్టె, భోజనాల బల్ల దాని వెంటే వెళ్లాయి. పాట మాత్రం కిటికీ వదల్లేదు.

ఆ మేడ మీది వాటా వీళ్లకి అద్దెకిచ్చి కింద ఉండే ఇంటావిడ బీరువా పక్కనుంచి అతికష్టం మీద పైకొచ్చి, ఆయన ఎడమపక్క నిలబడి ఏదో అడిగింది. మెట్లకి అడ్డం ఎప్పుడు తీస్తారని అడిగి ఉంటుందనుకున్నాడు.

"సాయంత్రానికల్లా అయిపోతుందండీ" అన్నాడు వినయంగా.

ఆవిడ అడిగింది ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని. గంట తిరక్కుండా ఇల్లు చూడ్డానికి ఆవిడ వెంట కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చి వంటగది కొలవడం మొదలుపెట్టింది. భార్య గరిట పట్టుకుని, "ఎవరండీ మీరు?" అని అరుస్తుండగా, చెప్పిన వేళకన్నా ముందే మావగారు దిగారు. మెట్ల మీద బీరువా, కూతురి చేతిలో గరిట చూసి ఆయన నేరుగా అల్లుడి దగ్గరికి నడిచారు.

"ఏమయ్యా, మీ ఇద్దరికీ పడటం లేదా?" అని అల్లుడి ఎడమ భుజం పట్టుకున్నారు. అల్లుడు ఆ జంట వైపే చూస్తున్నాడు. దగ్గరికి వంగి చూశారు. "చెవిలో ఇదేంటయ్యా?"

లాగితే, రేగుపండంత దూది ఉండ! రాత్రి పనిలోంచి వస్తుంటే ఫోను మోగిందని కుడిచెవిలోది తీశాడు, ఎడమది అక్కడే ఉండిపోయింది. అల్లుడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటావిడ జంటని గడప బయటికి తీసుకెళ్లి నిలబెట్టింది. అల్లుడు మావగారిని కుర్చీలో కూర్చోబెట్టి, భార్యని పక్కన నిలబెట్టి, పాట పెట్టాడు.

అత్తగారు వచ్చారు. కిటికీ దగ్గర కాదు, రెండు స్పీకర్ల నడుమ, ఖాళీ గోడ ముందు నిలబడి హాయిగా పాడారు. మావగారు చెయ్యి ముందుకి చాపి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయింది, రికార్డు చేసిన నాడు క్యాసెట్ మాత్రం ఆపినట్టు లేరు, అత్తగారి గొంతే మళ్లీ లేచింది.

"ఏమండీ, సామానంతా దారికడ్డంగా పడేస్తే మనుషులెలా నడవాలి? లోపల పెట్టండి ముందు!"

"పెడుతున్నానే, పెడుతున్నా!" అంటూ మావగారు దిగ్గున లేచి మెట్ల మీదికి వెళ్లి బీరువా పట్టుకున్నారు. దాన్ని పట్టుకునే తనివితీరా ఏడ్చారు. అల్లుడు రెండోవైపు పట్టాడు.

గడప బయట కొత్త పెళ్లికొడుకు ఇంటావిడని పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "ఇల్లు బావుందండీ. లోపల కేకలేసిన ఆ పెద్దావిడ ఖాళీ చేశాక కబురు పెట్టండి."