రెండో రక్త నమూనా

పేద్రా మాన్సా తాలూకాలో మచ్చల జ్వరం లేదు. ఉండడానికి దానికి ఇంకా అనుమతి రాలేదు.

అనుమతి రావాలంటే రోగి రెండుసార్లు రక్తమివ్వాలి: జ్వరం వచ్చినప్పుడొకసారి, పద్నాలుగు రోజులాగి మరోసారి. (మనిషి చాలాసార్లు వారం తిరక్కుండానే పోతాడు. నిబంధన రాసినవారికి అంత తొందర లేదు.) జబ్బు రుజువు కాని తాలూకాకు మందు పంపరు.

అదావుతో గుర్రాల కాపరి. ఏటి గట్టున పందుల్లాంటి కాపివారాలు దొర్లే గడ్డిలోనే గుర్రాలూ మేస్తాయి. ఆ జ్వరాన్ని అంటించే పిడుదులను రోజూ అతని ఒంటి మీంచి ఏరడం భార్య ఇవనీల్జి పని. జ్వరం మూడో రోజుకు దిగకపోయేసరికి అతణ్ణి పాలబండిలో వేసుకుని ఆరోగ్య కేంద్రానికి తెచ్చింది.

మొదటి రక్తం తీసుకుంటూ, మణికట్టు మీది ఎర్రమచ్చలు చూసి నర్సు గ్రసీలియా తల పట్టుకుంది. "ఇది అదేనక్కా! ఇవాళే మాత్రలు పడాలి. నా దగ్గర ఒక్కటుంటే ఒట్టు."

"పక్క తాలూకాలో ఉన్నాయటగా? చీటీ రాయించు."

చీటీలిచ్చే అధికారి క్లొదొమీరో నొచ్చుకున్నాడు. "మనవాణ్ణి అక్కడికి పంపితే మన దగ్గర జబ్బుందని ఒప్పుకున్నట్టే కదమ్మా! రెండో రక్తం ఇవ్వనీ, చూద్దాం."

"అందాకా బతకొద్దూ సారూ?"

"అది రోగి చూసుకోవాలి."

ఇవనీల్జి చీటీ లేకుండానే అతణ్ణి పక్క తాలూకా ఆసుపత్రికి తీసుకెళ్లింది. గేటు దగ్గరే తిప్పి పంపారు. ఆరో రోజున అదావుతో పోయాడు.

మొదటి రక్తం తీసిన పద్నాలుగు రోజులకు క్లొదొమీరో సూది, సీసా పట్టుకుని స్వయంగా వచ్చాడు. ఇవనీల్జి అతణ్ణి శ్మశానానికి తీసుకెళ్లి కొత్త మట్టి చూపించింది.

"అదిగో, అడగండి."

పత్రంలో చనిపోయినవారికి గడి లేదు. అందుకని 'రోగి సహకరించలేదు' అన్నచోట టిక్కు పెట్టి, కారణం దగ్గర 'చిరునామా మార్పు' అని రాశాడు. రాస్తూ రాస్తూ పిక్క గోక్కున్నాడు.

"పిడుదు సారూ," అంది ఇవనీల్జి. వంగి, గోళ్లతో పీకి, అరచేతిలో పెట్టి చూపించింది.

ఆయన మొహం పాలిపోయింది. "ఇది... జబ్బుదా?"

"నాకేం తెలుసు? రెండుసార్లు రక్తమివ్వండి, తేలుతుంది."

క్లొదొమీరో పద్నాలుగు రోజులాగలేదు. గంటలో ఆఫీసు జీపులో పక్క తాలూకాకు చేరి, జ్వరమైనా లేకుండా, చీటీ అడిగే నాథుడు లేక, పూర్తి మోతాదు మాత్రలు తెచ్చుకున్నాడు.

ఆ ప్రయాణాన్ని ఆఫీసు పుస్తకంలో 'క్షేత్ర పరిశీలన' అని రాశాడు.