కళ్లు మూసుకున్నట్టు ధ్రువపత్రం

మన దేశంలో ఏ వస్తువైనా కొత్తదని నిరూపించుకోవాలంటే అది పాతబడేదాకా ఓపిక పట్టాలి. ఈ నియమం చట్టంలో ఎక్కడా రాసి లేదు. రాసి లేని నియమాలనే మనవాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తారు కనుక, రాయాల్సిన అవసరం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

ఆమదాలవలసలో వెల్డింగు షాపు నడుపుకునే సత్యరాజుకు ఈ సంగతి తెలియదు. అతనికి తెలిసినవల్లా ఇనుము, ఆదివారం ఆరాధన, ఆరేళ్ల కూతురు షాలిని. 2013లో, వేసవి సెలవులు రేపో మాపో అనగా, ఆ పిల్ల బడి నుంచి ఏడుపు మొహంతో వచ్చింది. బళ్లో తూగుడు బల్ల ఉంది. దానికి ఈ చివర షాలిని, ఆ చివర ధనరాజ్ అనే బొద్దుపిల్లాడు కూర్చున్నారు. ధనరాజ్ కిందికి దిగాడు, షాలిని పైకి లేచింది. ఆట అంతటితో సమాప్తం.

"గంట కొట్టేదాకా మీదే ఉండిపోనాను నానా. ఆడు నెగనేదు," అంది వెక్కుతూ.

కూతురు గాల్లో వేలాడుతూ బడిగంట కోసం ఎదురుచూసిందంటే ఏ తండ్రీ ఊరుకోడు. సత్యరాజు ధాన్యం కొట్లో మూలపడ్డ పాత కాటా ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. దాని ఇనప గుండు ఊడదీశాడు. బల్ల కింద రెండు పట్టాలు అతికించి, ఆ గుండు వాటి మీద అటూ ఇటూ జరిగేలా అమర్చాడు. పిల్ల బరువును బట్టి గుండు జరుపుకుంటే చాలు. ఎదుట ధనరాజ్ కూర్చున్నా సరే, ఎవరూ కూర్చోకపోయినా సరే, బల్ల హాయిగా తూగుతుంది. నీలం రంగు వేసి, పక్కన తెల్లటి అక్షరాలతో 'షాలిని బల్ల' అని రాశాడు.

పిల్ల ఎక్కబోతుంటే తల్లి జ్ఞానసుందరి అడ్డుపడింది.

"పార్దన అవకుండా ఎక్కిస్తావేటి? కాలో సెయ్యో ఇరిగితే ఎవులిది పూసీ?"

ఆమె మాటలో న్యాయం ఉంది. ఆ ఇంట్లో ప్రార్థన చేయించకుండా ఏ కొత్త వస్తువునూ ముట్టుకోరు. మిక్సీకి చేయించారు, బీరువాకు చేయించారు, ఇన్వర్టరుకు చేయించారు (ఇన్వర్టరుకు రెండుసార్లు, మొదటిది పట్టలేదు). కాబట్టి ఆదివారం సాయంత్రం చర్చి పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు వచ్చారు, సంఘమూ వచ్చింది. అయ్యగారిది వివరమైన ప్రార్థన. దేవుడికి అన్నీ తెలుసునని ఆయన నమ్ముతారు గానీ, చెప్పకుండా వదిలిపెట్టరు. "ప్రభువా, ఈ బల్ల కింద రెండు పట్టాలు వేయించావు, వాటి నడుమ పదిహేను కిలోల గుండు జరిగే జ్ఞానమును నీ సేవకునికి దయచేశావు, గుండు జారిపోకుండా చివరన బోల్టు పెట్టించావు" అంటూ ఇరవై నిమిషాల్లో బల్లనంతా విప్పి మళ్లీ బిగించారు. ఇంటివాళ్లు కాక, అయ్యగారితో కలిపి నలభై రెండు మంది పెద్దలు కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు. తర్వాత బూందీ, మిక్చరు పంచారు.

షాలిని బూందీ కూడా వద్దని బల్ల దగ్గరికి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే మేనమామ ఫిన్నీ వచ్చి రెక్క పట్టుకుని ఆపాడు. ఫిన్నీ జ్ఞానసుందరి తమ్ముడు, స్టేషన్ రోడ్డులో ఆన్‌లైన్ సెంటరు యజమాని. ఊళ్లో అందరి దరఖాస్తులూ నింపీ నింపీ అతనికి దరఖాస్తు లేని పని కనపడితే గుండె దడ పట్టుకునేది.

"బావా, దీన్ని కంపెనీవోళ్లు ఎవులైనా సూసినారంటే ఆళ్లదైపోతాది. అప్పుడు నీ కూతురు ఎక్కాలన్నా ఆళ్లనే అడగాల. ముందు పేటెంటు తెచ్చుకో. అదొచ్చేదాక ఎవుల్నీ ఎక్కనివ్వకు."

"సాలిని మనదేగదరా?"

"సాలిని అయితే మరీ ఎక్కకూడదు. వాడకం కిందకొస్తాది."

'షాలిని బల్ల' మీద ఎక్కడానికి షాలిని ఎవర్నో అడగాల్సి వస్తుందన్న మాట సత్యరాజుకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రాత్రే బల్లకు టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టేశాడు. నాలుగు నెలల్లో వస్తుందన్నాడు ఫిన్నీ. షాలిని గోడ మీద బొగ్గుతో నాలుగు గీతలు గీసుకుంది.

దరఖాస్తు 'క్రీడావస్తు నవ్యతా నిర్ధారణ విభాగం' వారికి చేరింది. పద్నాలుగు నెలలకు మొదటి జవాబు వచ్చింది. తూగుట పాతదేననీ, గుండు కూడా పాతదేననీ, పిల్లలు సైతం పూర్వం నుండి ఉన్నవారేననీ, ఇందులో కొత్తదేమో దరఖాస్తుదారు వివరించవలెననీ అందులో ఉంది. ఫిన్నీ పదకొండు పేజీలు వివరించాడు.

అసలు చిక్కు, దాని తర్వాత వచ్చిన ఫారంలో పదిహేడో ప్రశ్న దగ్గర వచ్చింది. 'ఈ ఆవిష్కరణను దరఖాస్తుకు ముందు ఎవరికైనా వెల్లడించితిరా?'

"నేదని రాసేద్దాం బావా."

"అబద్దం రాయను," అన్నాడు సత్యరాజు. "దేవుడికి సెప్పినాం. అదే రాయి."

రాశారు. విభాగం వారు ఆ జవాబును ఎంతో శ్రద్ధగా పరిశీలించి మూడు సంగతులు కోరారు: సదరు వ్యక్తి పూర్తి చిరునామా, గోప్యతా ఒప్పందంపై సదరు వ్యక్తి సంతకం, సదరు వ్యక్తి ఈ విషయమును మూడో మనిషికి చెప్పలేదని హామీ. ఫిన్నీ చర్చి చిరునామా ఇచ్చాడు. మిగతా రెండింటికీ గడువు కోరాడు. గడువు మంజూరైంది.

ఈలోగా హుద్‌హుద్ తుఫాను వచ్చి టార్పాలిన్ ఎత్తుకుపోయింది. బల్ల మూడు గంటలసేపు ఆరుబయట అందరికీ కనపడేలా ఉండిపోయింది. ఆ గాల్లో వీధిలోకి తొంగిచూసిన ప్రాణి లేదు. అయినా ఫిన్నీ 'ప్రకృతి వైపరీత్యం వలన ఆవిష్కరణ బహిర్గతమగుట' అనే ఫారం నింపి పంపాడు. (అటువంటి ఫారం లేదు. ఫిన్నీ పంపిన తర్వాత విభాగం వారు దానికి నంబరు ఇచ్చి అమల్లోకి తెచ్చారు.)

తర్వాతి ఉత్తరంలో మరో ప్రశ్న. ప్రార్థన మనసులో చేశారా, పైకి చేశారా? పైకే చేశామని, నలభై రెండు మంది విన్నారని, కానీ అందరూ కళ్లు మూసుకునే ఉన్నారని జవాబిచ్చారు. విన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ అర్థం కాదని విభాగం వారు ఒప్పుకున్నారు (ఆ నమ్మకం మీదే ఆఫీసు నడుస్తోంది). అయితే కళ్లు మూసుకున్నట్టు నలభై రెండు మందీ విడివిడిగా ధ్రువపత్రాలు ఇవ్వాలన్నారు.

ఆ ఆదివారం చర్చిలో ధ్రువపత్రాలు పంచారు. సంతకం పెట్టకపోతే ప్రార్థనలో కళ్లు తెరిచానని సంఘం ముందు ఒప్పుకున్నట్టే. అందరికంటే ముందు అయ్యగారు పెట్టారు. సండే స్కూల్ టీచరు ప్రిస్కిల్లా కలం పట్టుకుని కాసేపు పైకప్పు వంక చూసి, తర్వాత పెట్టింది. వారంలో నలభై రెండు సంతకాలూ అయిపోయాయి. అంత భక్తిగల సంఘం జిల్లాలో మరొకటి లేదని కాగితం మీద రుజువైంది.

విభాగం వారు పత్రాలన్నీ తిప్పి పంపారు. ప్రతి పత్రంపైనా, సంతకందారు కళ్లు మూసుకుని ఉండగా చూసిన సాక్షి ఒకరు సంతకం చేయవలెనట. చూసిన సాక్షి ఉంటే అతని కళ్లు తెరిచి ఉన్నట్టే. తెరిచి ఉంటే ఆవిష్కరణ వెల్లడైనట్టే. ఫిన్నీ ఈ ముడి విప్పడానికి రెండేళ్లు తీసుకుని, చివరికి ఒక దారి కనిపెట్టాడు: పన్నెండేళ్ల లోపు పిల్లల కళ్లు విభాగం లెక్కలోకి రావు. షాలిని సాక్ష్యం చెప్పవచ్చు.

ఈ అయిదేళ్లూ సత్యరాజు నెలకోసారి టార్పాలిన్ కిందికి దూరి బల్లకు నూనె వేస్తూనే ఉన్నాడు. షాలిని పక్కన నిలబడి నూనె డబ్బా అందించేది. మొదట్లో "ఇంకెన్నాళ్లు నానా?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. అడగడం మానేసిన రోజే అతనికి ఎక్కువ బాధేసింది. అయినా ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు తాడు విప్పితే ఆగినదంతా బూడిదలో పోసినట్టేనని మనసు రాయి చేసుకున్నాడు.

2018లో ఫిన్నీ సెంటర్లో కంప్యూటరు ముందు విచారణ జరిగింది. తెర మీద ఉప నవ్యతాధికారి జగన్నాధం గారు ప్రత్యక్షమయ్యారు. షాలినికి పదకొండేళ్లు నిండాయి. అందరూ కళ్లు మూసుకున్నారని ఒక్క ముక్క అంటే పేటెంటు చేతికొచ్చినట్టే. ఫిన్నీ సైగలు చేస్తున్నాడు.

సత్యరాజు కూతురి తల మీద చెయ్యి వేశాడు. "ఉన్నదున్నట్టు సెప్పమ్మా."

"ప్రార్థన సమయంలో అందరూ కళ్లు మూసుకున్నారా?" అడిగారు జగన్నాధం గారు.

"నేదండి. అందరూ బూందీ పళ్లెం కేసి సూస్తన్నారు. అయ్యగారు ఒక కన్ను మూసినారు."

"మీ నాన్నగారు?"

"మా నానైతే అస్సలు మూయనేదండి. నన్నే సూస్తన్నాడు."

ఫిన్నీ తల పట్టుకున్నాడు. సత్యరాజు మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాడు. తర్వాత అధికారి ఏమడిగారో అతనికి వినపడలేదు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది (కాదనడానికి విభాగం ఎన్నడూ ఆలస్యం చేయదు). 'సదరు బల్ల 2013వ సంవత్సరం నుండియు బహిరంగ వినియోగంలో ఉన్నందున కొత్తదిగా పరిగణించజాలము.' అయిదేళ్లలో ఒక్క పిల్ల కూడా ఎక్కని బల్ల గురించి రాసిన మాట అది. సత్యరాజు రెండుసార్లు చదివించుకుని, కత్తి తెచ్చి తాళ్లు తెగ్గోశాడు.

"ఎక్కమ్మా. ఇంక ఎవుల్నీ అడగక్కర్లేదు."

షాలిని ఎక్కింది. మోకాళ్లు వచ్చి గడ్డానికి తగిలాయి. సత్యరాజు గుండును చివరంటా జరిపాడు. ఆరేళ్ల పిల్ల కోసం కొలిచి పెట్టిన గుండు పదకొండేళ్ల పిల్లను లేపలేకపోయింది. షాలిని ఏడవలేదు. నెమ్మదిగా దిగి, గౌను దులుపుకుని, "నాకింక పట్టదు నానా," అంది. సత్యరాజు కూతురి వైపు చూడలేక, బోల్టు సరిచూసే నెపంతో బల్ల కిందికి వంగాడు.

ఈలోగా నీలం బల్ల బయటపడిందన్న వార్త వీధంతా పాకి, పిల్లలు పోలోమని వచ్చి వరస కట్టారు. అందరికంటే ముందు పక్కింటి జగ్గమ్మ మనవరాలు కుమారి నిలబడింది. అయిదేళ్ల పిల్ల. సత్యరాజు కళ్లు తుడుచుకుని, ఎత్తి కూర్చోబెడదామని లేచాడు. అప్పటికే షాలిని లోపల్నుంచి స్టూలు తెచ్చి బల్లకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఒళ్లో మేనమామ ఫైలు ఉంది.

"పేరేటి?"

"కుమారి."

"దీని మీద ముందెప్పుడైనా ఎక్కినావేటి?"

"నేదు."

షాలిని పెన్ను మూత తీసింది.

"నేదని కాయితం తే."