పిలిస్తే పలికే దారి

ఆ రోజు పొద్దున్నే డిస్కుగారు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఇస్త్రీ మడతకీ ఆయనకీ మాటల్లేక చాలా ఏళ్ళయింది. కారణం మధ్యాహ్నం భోజనం. ఆఫీసువాళ్ళంతా నెలకోసారి పై అంతస్తులో కలిసి కూర్చుని, తెచ్చుకున్నవి పంచుకుని తింటారు. కింద సెల్లారులో, సర్వరు గదిలో ఒక మనిషి ఉంటాడన్న సంగతి ఎవరికీ తట్టక ఇన్నాళ్ళూ ఆయన్ని పిలవలేదు. తెలిసినవాళ్ళకైనా డిస్కుగారనే తెలుసు గానీ, అసలు పేరు తెలియదు.

నిన్న లిఫ్టులో అకౌంట్స్ మేడమ్ ఆయన్ని చూసి, "అయ్యో, మీరూ మన ఆఫీసేనా? రేపు భోజనానికి పైకి రండి. మీ చేతివంట కూడా రుచి చూస్తాం" అంది. ఆవిడ మాటవరసకి అంది. ఈయనకి అది ఆహ్వాన పత్రిక. గుప్పెడు బియ్యంతో పూట గడిపేసే ఒంటిమనిషి, పదిమందికి సరిపడా వండి, క్యారేజీ మూత పట్టక తాడుతో కట్టి మరీ తెచ్చాడు.

అది ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు. పైన బల్లల మీద ఉన్నవన్నీ ఉత్త తెరలే. అసలు కంప్యూటర్లు కింద సర్వరు కడుపులో వర్చువల్ మెషీన్లుగా ఉంటాయి. వాటి ఫైళ్ళు పక్కనున్న, డిస్కులు పేర్చిన స్టోరేజీ పెట్టెలో. ఈ రెంటికీ మధ్య రెండు కేబుళ్ళు, అంటే రెండు దారులు. సర్వరు ఓసారి దీంట్లో, ఓసారి దాంట్లో పని పంపుతుంది. ఒకటి తెగితే రెండోది మోస్తుంది. ఆ ఏర్పాటుకి కాపలా డిస్కుగారు.

క్యారేజీ కింద పెట్టాడో లేదో ఫోను మోగింది.

"డిస్కుగారూ, గోడ గీస్తుంటే సగంలో ఆగిపోయిందండీ!" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

తెర మీద చూస్తే రెండు దారులూ పచ్చగా ఉన్నాయి. చచ్చిన దారైతే సర్వరే కనిపెట్టి పక్కన పెట్టేది. ఇది చావలేదు, మంచం పట్టింది. "ఉన్నావా?" అంటే "ఉన్నా" అంటుంది. పని అప్పగిస్తేనే మొరాయిస్తుంది. కొలతలు తీస్తే రోగం ఒకటో దారిలో ఉందని తేలింది. డిస్కుగారు హుషారుగా లేచి, ఒకటి అని చీటీ అంటించిన కేబులు పీకేశాడు.

ఆ చీటీలు ఆయన అంటించినవే. సర్వరు ముందు నిలబడి లెక్కపెట్టాల్సింది, వెనక నిలబడి లెక్కపెట్టి అంటించాడు మహానుభావుడు. అలా ఆరోగ్యంగా ఉన్న దారి ఊడిపోయి, బరువంతా రోగి నెత్తిన పడింది.

పైన తెరలన్నీ బిగుసుకుపోయాయి. ఎవరికి వాళ్ళే తెలివైనవాళ్ళు కనక అందరూ ఒకేసారి తమ మెషీన్లు రీస్టార్ట్ కొట్టారు. మేనేజరు కంగారుపడి, "ఎందుకైనా మంచిది, ఫైళ్ళన్నీ కాపీ చేసిపెట్టుకోండి" అన్నాడు. అదొక బరువు. బాగైందో లేదో చూడ్డానికని తలొకరూ తమ దగ్గరున్న అతిపెద్ద ప్లానే తెరవబోయారు. అదింకో బరువు. ఫోను ఆగకుండా మోగుతోంది.

నిజం చెప్పొద్దూ, డిస్కుగారికి సంతోషంగానే ఉంది. ఇంతమంది తనతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో! తిట్టే గొంతయినా గొంతే కదా అనుకున్నాడు.

భోజనాల వేళకి అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేసింది. "పైకి రారా? చెయ్యడానికి పనేం లేదు. అందరం బల్ల చుట్టూ కూర్చుని మీ కోసమే చూస్తున్నాం."

ఆ మాటకి ఆయన క్యారేజీ అందుకోబోయాడు. అన్నీ అలాగే వదిలేసి పరుగెత్తాలనిపించింది. కానీ చెడిపోయిన పని కింద పెట్టుకుని ఏ మొహంతో ముద్ద మింగుతాడు? "రెండు నిమిషాలు మేడమ్! ఇది సరిచేసి వచ్చేస్తా" అన్నాడు.

అప్పుడు చూశాడు తెరని. ఊడింది రెండో దారని రాసి ఉంది.

"ఓరి నా తెలివి తగలెయ్యా!" అని నెత్తి కొట్టుకుని, పీకిన కేబులు పెట్టి, పెట్టి ఉన్నది పీకాడు. అంతే, పైన ఆగిపోయిన గోడలన్నీ ఒక్కసారిగా లేచాయి.

క్యారేజీ మోసుకుంటూ పైకి వెళ్ళాడు. బల్ల చుట్టూ కుర్చీలున్నాయి, మనుషుల్లేరు. అందరూ తెరలకి అతుక్కుపోయి ఉన్నారు.

"పొద్దుటి పనంతా మీద పడిందయ్యా," అన్నాడు మేనేజరు. "భోజనం సంగతి వచ్చేనెల చూద్దాం. నువ్వు కానిచ్చెయ్."

"ఇంత త్వరగా బాగుచేసేస్తారనుకోలేదండీ," అంది అకౌంట్స్ మేడమ్, తలెత్తకుండానే.

ఆయన కిందికి వచ్చేశాడు. క్యారేజీ తాడు విప్పి, గిన్నెలన్నీ బల్ల మీద వరసగా పరుచుకుని కూర్చున్నాడు. ఆకలి లేదు. ఫ్యాన్ల హోరు తప్ప గదిలో ఇంకో చప్పుడు లేదు. పదిమంది వంట ముందు ఒక్కడే కూర్చుంటే ఏడుపొచ్చింది.

ఫోను మోగింది.

"డిస్కుగారూ, ఇప్పుడు మరీ ఫాస్టుగా ఉందండీ," అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్ అనుమానంగా. "ఏమైనా తేడానా?"

ఏ తేడా లేదని ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు.

"లైన్లోనే ఉండండి, చూసి చెబుతా," అన్నాడు డిస్కుగారు.

చూడ్డానికి చాలాసేపు పట్టింది.