శనివారం గంట

కోర్టుకెక్కితే ఏళ్లు పడతాయి, మధ్యవర్తి దగ్గర కూర్చుంటే నాలుగు వారాల్లో విడాకులు తేలిపోతాయని అందరూ చెప్పారు. నాకు నచ్చనిది అదే. తేలిపోయాక హంపమ్మను ఎక్కడ చూసేది?

నేను తోరణగల్లు ఫ్యాక్టరీలో షిఫ్టు మనిషిని. ఇంటికొస్తే తిండి, నిద్ర, ఫోను. పదకొండేళ్ల కాపురంలో "ఊఁ" అన్నదే నా పెద్ద ఉపన్యాసం. "గోడతో కాపురం చేసినట్లుండాదప్పా" అని నా భార్య హంపమ్మ సిరిగేరిలో పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇంట్లో గోడలు నాలుగు, నేను ఐదోది.

శనివారం శనివారం సత్యనారాయణపేటలో, మధ్యవర్తి పద్మశ్రీ మేడమ్ ఆఫీసులో మాకొక గంట. నేనో ఉపాయం పన్నాను. సామాన్ల పంపకం తేలనిస్తే కదా విడాకులు!

మొదటివారం మిక్సీ కావాలని పట్టుబట్టాను. రెండోవారం పరుపు. మూడోవారం జొన్నరొట్టెల పెనం.

"రొట్టె తట్టేది వస్తాదా నీకు?" అంది హంపమ్మ.

"నేర్చుకుంటా."

"పిండిలో నీళ్లు ఎంత వేడి ఉండల్ల?"

"జ్వరమంత."

మేడమ్ నవ్వాపుకోవడానికి గ్లాసెత్తి నీళ్లు తాగారు. హంపమ్మ కిటికీ వైపు తిరిగింది.

గంటంతా ఆ పెనం మీదే వాదించాను. దాని నడుమ పల్లం పడిందనీ, మొదటి రొట్టె ఎప్పుడూ మాడుతుందనీ, ఆ మాడింది హంపమ్మే తింటుందనీ చెప్పుకుంటూ పోయాను.

"అది నువ్వెప్పుడు చూసినావు?" అని మాత్రం అడిగింది.

నాలుగోవారం హంపమ్మ, పుట్టింటికి తీసుకెళ్లిన ఆ పెనాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పెనం ఈయప్పకే. మిక్సీ, పరుపు, బీరువా అన్నీ ఈయప్పకే. ఇంగేమన్నా ఉండాదేమో అడగండి మేడమ్."

ఇంట్లో సామాన్లన్నీ గుర్తు చేసుకున్నాను. పోట్లాడటానికి చెంచా కూడా మిగల్లేదు. నోరు తెరిచాను, మాట రాలేదు.

"చూసినారా? ఇంట్లో ఇట్లే ఉంటాడు," అంది హంపమ్మ. "జగడం లేకుంటే నాతో మాట్లాడేదానికి ఏమీ ఉండదు ఈయప్పకు."

"సంతకం చేయండి రుద్రేశ్ గారూ," అని మేడమ్ కాగితం జరిపారు.

"నువ్వు లేకుండా ఉండలేకపోతాండా హంపీ," అన్నాను. "ఇంగో శనివారం నిన్ను చూడొచ్చని అవన్నీ అడిగినా. పరుపు నాకెందుకు? చాప మీదే పడుకుంటాండా."

హంపమ్మ పెనం మీది గోనెసంచిని సర్దింది.

"మిక్సీ అడిగిన దినమే తెలిసింది నాకు," అంది. "అది కాలిపోయి రెండేండ్లాయ."

నేను తల దించుకున్నాను.

"ఇంగో శనివారం రాసుకోండి మేడమ్. సామాన్ల ముచ్చట వద్దు. ఒక గంట ఈయప్ప ఊరికే నాతో మాట్లాడల్ల. గంట నిండితే ఆలోచన చేస్తా. లేకుంటే సంతకం పెట్టేస్తా."

"మరి పెనం?" అన్నాను.

"నీదే కదా, తీసుకపో."

బస్సులో పెనం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "ఏం హంపీ, బాగుండావా?" అని దానితోనే మొదలుపెట్టి చూశాను. తర్వాత ఏమనాలో తోచలేదు. పక్కసీటాయన లేచి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.