బోణీ గుండె

"నా నియోజకవర్గంలో ఇకమీదట వంగని మోకాలంటూ ఉండదు!"

రాజోలు హైస్కూలు మైదానంలో మా ఎమ్మెల్యే నాగదుర్గాప్రసాద్ గారు ఈ చారిత్రక ప్రకటన చేయగానే, కీళ్లవాతం వాళ్లకు కసరత్తు నేర్పే 'కీళ్లకు కొత్త ఊపు' పథకం పుట్టింది. నేను పత్రికా విలేకరిని కాబట్టి ముందు వరసలో కూర్చుని పులకించాను. పులకింత మా ఉద్యోగంలో భాగం.

డాక్టర్ శారోన్ గారు మైకు తీసుకుని చిన్న షరతు చెప్పారు. కీళ్లవాతం కీళ్లతో ఆగదట, గుండెనూ పట్టుకుంటుందట. అందుకని ముందు అందరికీ గుండె పరీక్ష. తేడా వచ్చినవాళ్లకు గుండె డాక్టరు సరేనన్నాకే కసరత్తు.

వరసలో మొదటి మనిషి సత్యవేణి గారు. అంతర్వేది వైపు నుంచి వచ్చారు. వలలు అల్లే మనిషి, ఇప్పుడు పొద్దున్న లేస్తే వేళ్లు ముడుచుకోవు.

"కసరత్తు చేస్తే మళ్లీ వల పట్టుకోవచ్చన్నారండి డాక్టరమ్మగారు," అన్నారు నాతో, పెళ్లికి పిలుపొచ్చినంత సంబరంగా.

ఆవిడ ఈసీజీ బల్ల ఎక్కబోతుంటే ఎమ్మెల్యే గారి పీఏ తాతారావు పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండాగండి! కొత్త మిషనండి. బోణీ పెద్దోరి చేతి మీదుగా అవ్వాలండి!"

మా వైపు బోణీ ఎవరిదో చూసుకోకుండా కొబ్బరిబొండాల బండి కూడా కదలదు. ఎమ్మెల్యే గారు దండతో సహా పడుకున్నారు. దండ తీస్తేగానీ వైర్లు అంటుకోవని నర్సు అంటే, పెద్ద మనసుతో దానికీ ఒప్పుకున్నారు. కాగితం బయటికి రాగానే శారోన్ గారి మొహం పాలిపోయింది.

"సార్, మీరు వెంటనే కాకినాడ వెళ్లాలండి. గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదు."

"మళ్లీ తియ్యండి," అన్నాడు తాతారావు.

మళ్లీ తీస్తే ఇంకాస్త అధ్వానంగా వచ్చింది. తాతారావు తానే పడుకున్నాడు, శుభ్రంగా వచ్చింది. సత్యవేణి గారికి తీస్తే ముత్యంలా వచ్చింది. మిషను ప్రతిపక్షానిది కాదని తేలిపోయింది.

ఎమ్మెల్యే గారు నీరసంగా తల ఎత్తారు. "తాతారావూ, నాకు గుండె లేదని చెప్పుకున్నా పర్లేదయ్యా. గుండెజబ్బని మాత్రం తెలియకూడదు."

"ఆయ్, నేను చూసుకుంటానండి. ఆ మంచి కాగితం సార్ పేరు మీద రాసేద్దారండి. ఈ చెడ్డది ఈవిడ పేరు మీద."

"అదెలా కుదురుద్దండీ?" అన్నారు శారోన్ గారు.

"సార్ ఉండేది ప్రజల గుండెల్లోనే కదండీ. ప్రజల గుండె బాగుంటే సార్ గుండె బాగున్నట్టే కదండీ."

ఈ తర్కానికి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

"నేను సంతకం పెట్టనండి," అన్నారు శారోన్ గారు.

"మీకెందుకండీ శ్రమ," అని తాతారావే పెట్టేశాడు. ఎమ్మెల్యే గారిని ఆసుపత్రిలో చేర్చడానికి సత్యవేణి గారి ఆధార్ కార్డు కావాలన్నాడు. ఆవిడ కొంగు ముడి విప్పి ఇచ్చేశారు.

"కార్డుదేవుందండీ, పట్టుకెళ్లండి. ముందాయన ప్రాణం చూడండి, పాపం."

అలా కాకినాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో 'సత్యవేణి' గారి గుండెకు స్టెంటు పడింది. పేదరాలికి ఎమ్మెల్యే అండగా నిలిచారనీ, ఆపరేషను జరిగినంతసేపూ థియేటరు విడిచి కదల్లేదనీ నేను వార్త రాశాను. అందులో అక్షరం అబద్ధం లేదు.

కసరత్తు మొదలైన రోజు సత్యవేణి గారు అందరికంటే ముందు వచ్చారు. కంప్యూటరు దగ్గర కూర్చున్నావిడ ఆపేసింది.

"మీకు స్టెంటు పడిందమ్మా. గుండె డాక్టరు గారు సరేనని రాసివ్వాలి."

"నాకు కాదు తల్లీ."

"ఇందులో మీకే పడిందమ్మా."

ఆవిడ గుండె ముత్యంలా ఉందని శారోన్ గారు మొత్తుకున్నా కంప్యూటరు వినలేదు. సత్యవేణి గారు రెండు బస్సులు మారి కాకినాడ వెళ్లారు. అక్కడి డాక్టరు ఫైలు చూసి, ఆవిడను చూసి, మళ్లీ ఫైలు చూశాడు.

"సత్యవేణి నాకు బాగా గుర్తున్నారు. ఆవిడకి మీసాలుంటాయి. మీరెవరు?"

కాగితం లేకుండానే తిరిగొచ్చారు. కసరత్తు లేక, నెల తిరిగేసరికి ఆవిడ టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సి వస్తోంది. చూసి నాకు చాలా బాధేసింది. మా పత్రికలో బాధకు కాలమ్ లేదు కాబట్టి రాయలేదు.

కొన్నాళ్లకు అదే మైదానంలో పథకం విజయోత్సవం జరిగింది. వేలమందికి ముందుండి కసరత్తు చేయించడానికి ఎమ్మెల్యే గారు తెల్ల ట్రాక్‌సూటులో వచ్చారు. దానికి ముందు, స్టెంటు నుంచి కోలుకున్న వీరవనితగా సత్యవేణి గారికి శాలువా కప్పారు.

"ఏం కావాలో అడగండమ్మా," అన్నారు ఎమ్మెల్యే గారు మైకులో.

"నన్ను కూడా కసరత్తు చెయ్యనివ్వండి బాబూ."

తాతారావు చప్పున మైకు అందుకున్నాడు. "స్టెంటు పడ్డోళ్లు డాక్టరు ఒప్పుకోకుండా చెయ్యకూడదండి. ప్రాణం మీదికొచ్చేద్దండి!"

అప్పటికే ఎమ్మెల్యే గారు రెండు చేతులూ పైకెత్తి మొదటి గుంజీకి సిద్ధంగా ఉన్నారు. సత్యవేణి గారు ఆయన వైపు చూసి నిజంగానే కంగారుపడ్డారు.

"అయ్యబాబోయ్! అయితే మీరూ చెయ్యకండి బాబూ. కూర్చోండి, కూర్చోండి!"

మైకు ఆ మాటను మైదానమంతా మోసింది. ఎమ్మెల్యే గారి చేతుల్లో ఒకటి గాల్లోనే ఉంది, ఒకటి ఛాతీ మీదికి వచ్చింది. మెల్లిగా కూర్చున్నారు. సార్ కూర్చున్నారని తాతారావు కూర్చున్నాడు. తహసీల్దారు గారు, కార్యకర్తలు, వాళ్లను చూసి జనమంతా కూర్చున్నారు. నేనెలాగూ కూర్చునే ఉన్నాను.

సత్యవేణి గారొక్కరే నిలబడ్డారు. శాలువా తీసి కుర్చీ మీద వేసి, శారోన్ గారి వైపు చూస్తూ వేళ్లు ఒక్కొక్కటే ముడవడం మొదలుపెట్టారు.