అటకెక్కిన ఇటుకలు

ఇటుకలు పైకి పడుతున్నాయి.

మీటింగ్ హాలు గోడ మీది పెద్ద తెరలో, కింది అంచున ఒక్కో ఇటుకా పుట్టి, తాపీగా పైకి తేలి, కప్పుకు అతుక్కుంటోంది. కొనడానికొచ్చిన కంపెనీ ఆవిడ అప్పటికే కింద రిసెప్షన్‌లో కూర్చుని ఉంది. మేస్త్రి నుదుటి చెమట మాత్రం పాత అలవాటు ప్రకారం కిందికే కారుతోంది.

అతను ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. పైనుంచి రాలే ఇటుకల్ని వరుసలుగా పేర్చి, నిండిన వరుసను మాయం చేసే వీడియో గేములుంటాయి కదా, అలాంటివాటిని ఎవరికి నచ్చినట్టు వాళ్లు తయారు చేసుకునే ఇంజనొకటి ఏళ్ల తరబడి కూర్చుని రాశాడు. అందుకే ఆఫీసులో ఆ పేరు. ఇటుక ఆకారం, వేగం, దిక్కు, వరుస నిండితే ఏం జరగాలన్నది, అన్నీ ఒకే పేజీలో మీటల్లా ఉంటాయి. ఎవరైనా తిప్పుకోవచ్చు. తాళం పెట్టమని అందరూ మొత్తుకున్నా వినలేదు. "తాళం వేస్తే అది ఇంజనెందుకవుతుంది, బీరువా అవుతుంది గానీ" అనేవాడు.

ఆ పొద్దుటి పథకం నిజానికి చాలా సాదాది. పెందలాడే రావాలి, లాప్‌టాప్ తగిలించాలి, మామూలు ఆట చూపించాలి, ఇంజను అమ్మాలి. అమ్ముడుపోకపోతే ఇంజనూ, దాంతోపాటు మేస్త్రీ సాయంత్రానికల్లా అటకెక్కుతారని డైరెక్టరు ముందే చెప్పేశాడు.

"ఎవరయ్యా దీన్ని ముట్టుకుంది?" డైరెక్టరు గొంతు కీచుమంది.

"ఎవరూ ముట్టుకోలేద్సార్."

"లాప్‌టాప్ ఆఫీసు దాటలేదు కదా? ఇంటికి మోసుకెళ్తే ఉద్యోగం ఊడుతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"ఛఛ, ఎందుకు దాటుతుంది సార్?" అన్నాడు మేస్త్రి, నిన్న సాయంత్రమంతా తన ఇంటి భోజనాల బల్ల మీదున్న లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుంటూ.

దిక్కు మీటను కిందికి తిప్పాడు. ఇటుక సగం దాకా దిగి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, మళ్లీ పైకెళ్లిపోయింది. ఇంకేదో మీట కూడా తిరిగిందన్నమాట.

"నీవల్ల కాదు గానీ ఇలా ఇవ్వు," అంటూ డైరెక్టరు చేతికందిన మీటను తిప్పాడు. ఇటుక తెరంతా అయ్యింది. మిగతా ఇటుకలు రావడానికి చోటు లేక ఆట ఊపిరి బిగబట్టింది.

అలికిడి విని బొమ్మలు గీసే అమ్మాయి లోపలికొచ్చింది. "రంగులు గుచ్చుకుంటున్నాయి సార్, అదీ అసలు సంగతి," అని తనూ ఓ చెయ్యి వేసింది. తెల్లటి తెర మీద తెల్లటి ఇటుక. ఇప్పుడు అసలేమీ కనబడటం లేదు.

"తల్లీ, నీకో దణ్ణం, నువ్వు పక్కకి జరుగు," అన్నాడు మేస్త్రి. చివరిసారి భద్రపరిచిన ఆటను వెనక్కి రప్పించే మీట నొక్కాడు. వచ్చింది. ఇటుకలు మళ్లీ పైకి పడటం మొదలెట్టాయి.

వరండాలోకి పరుగెత్తి ఇంటికి ఫోన్ చేశాడు.

"నిన్న లాప్‌టాప్ ఎవరు ముట్టుకున్నారే?"

"నన్నడుగుతారేంటండీ? ఇదిగో, అమ్మకిస్తున్నా," అంది భార్య.

"నేనే సర్దాను అల్లుడూ," అంది అత్తగారు, ఏ దాపరికమూ లేకుండా. "సామానెవరైనా నేలమీద పోగేస్తారా? అటక మీదికి పోవాలి, నడవటానికి నేల ఖాళీగా ఉండాలి. పైగా కష్టపడి పేర్చిన వరుస మాయమైపోవటమేంటి, చోద్యం! ఉండనిచ్చాను. మిగిలిన ముక్క ఎప్పుడైనా పనికొస్తుందని మూల దాచుకునే ఏర్పాటూ చేశాను."

"అత్తయ్యగారూ, మీ పుణ్యముంటుంది, ఏయే మీటలు తిప్పారో చెప్పండి."

"నాకేం తెలుసు బాబూ? బాగుండేదాకా తిప్పాను."

వెనక్కొచ్చేసరికి కంపెనీ ఆవిడ తెర ముందు కూర్చుని ఉంది. పలకరింపులూ లేవు, ప్రశ్నలూ లేవు. ఒక ఇటుకను అటకెక్కించింది. ఇంకోటి ఎక్కించింది. వంకరటింకర ముక్కనొకదాన్ని మూల దాచి, కాసేపయ్యాక తీసి సరిగ్గా ఇరికించి, తనలో తను నవ్వుకుంది. ముందు పెట్టిన కాఫీ చల్లారిపోయింది. మరోటి తెచ్చారు. అదీ చల్లారింది.

చాలాసేపటికి చెయ్యి తీసింది. "ఇలా మార్చిందెవరు?"

ఆ గొంతులో కోపం లేదని ముందుగా పసిగట్టింది డైరెక్టరే. "ఆలోచన నాది మేడం," అన్నాడు వినయంగా.

"పైకెళ్తే బాగుంటుందని మొదట అన్నది నేనే," అంది బొమ్మల అమ్మాయి.

మేస్త్రికీ ఆశ పుట్టింది. "అమలు చేసింది నేను."

"ముగ్గురూ ఈ పని వచ్చినవాళ్లేనా?"

"ఆరితేరినవాళ్లం మేడం!" అన్నాడు డైరెక్టరు.

"అయితే లాభం లేదు." ఆవిడ బ్యాగు జిప్పు లాగింది. "ఆట బాగుంది. కానీ నేను ఆట కొనడానికి రాలేదు. ఏమీ రానివాళ్లు కూడా ఈ ఇంజనుతో సొంత ఆట చేసుకోవచ్చని మీరు రాసి పంపారు. అలాంటివాళ్లు ఒక్కరు చేసి చూపించినా కొనేదాన్ని. వచ్చినవాళ్లు చేస్తే అందులో వింతేముంది?"

డైరెక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. "నాదంటే... మరీ నాది కాదు మేడం."

"నేను తెల్లరంగే వేశానండీ, అదీ పోయింది," అంది అమ్మాయి.

"మరెవరు?"

నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఇన్నేళ్ల ఇంజను ఆ బ్యాగు వెనకాలే గుమ్మం దాటిపోతుంది. మేస్త్రి డైరెక్టరు వైపు తిరిగాడు. "సార్, లాప్‌టాప్ నిన్న ఆఫీసు దాటింది."

"దాటితే దాటింది, పేరు చెప్పవయ్యా బాబూ!"

"మా అత్తగారండీ," అన్నాడు మేస్త్రి.

పెళ్లయ్యాక ఆ మాటను అతను తల పైకెత్తి అనడం అదే మొదటిసారి.